కలాచా దగ్గర ఎక్కిన బరువు

నైరోబి,
జనవరి 14

మహా గౌరవనీయురాలైన మా అక్కగారు టుమే టీచరమ్మ గారి సముఖానికి,

తమరి ఏకైక తమ్ముడూ, పాలిటెక్నిక్‌లో మెకానికల్ మూడో సంవత్సరం రెండోసారి శ్రద్ధగా చదువుతున్నవాడూ అయిన ఎలెమా సవినయంగా రాసుకొన్నది ఏమనగా:

డిసెంబరులో మార్సబిట్ నుంచి తిరిగొస్తుండగా బావ పికప్‌కి వెనక కమాను కట్టల్లో మూడు పట్టీలు విరిగాయనీ, షాకబ్జర్లు నూనె కక్కుకుని ప్రాణాలు వదిలాయనీ, ప్రస్తుతం ఆ బండి మీ ఇంటి ముందు దిమ్మల మీద మోకరిల్లిన ఒంటెలా ఉందనీ మేకల లారీ డ్రైవరు చెప్పగా విన్నాను. విని, లేచి నిలబడి, ఒక నిమిషం మౌనం పాటించాను. అన్నం మాత్రం ఆ తర్వాతే తిన్నాను.

కానీ దుఃఖించవలదు. సాయంత్రాలు నేనొక వర్క్‌షాపులో పని చేస్తున్నానని తమరికి తెలుసు. ఎడారికి పోయే బళ్ళకి కాళ్ళు మార్చడమే మా వృత్తి. చచ్చిన షాకబ్జర్లు తీసి లావుపాటివి వేస్తాం, అరిగిన కమాన్లు తీసి కొత్తవి కడతాం, బండిని రెండంగుళాలు ఎత్తుతాం. బావ బండికి కావలసినవన్నీ నా చేతులతో నేనే చేసి పంపుతానని యజమాని దగ్గర ప్రమాణం చేశాను. ఆయన ఎందుకో కళ్ళు మూసుకున్నాడు.

ఒక్క సంగతి మాత్రం నాకు కావాలి. బావ మామూలుగా ఎంత బరువు ఎక్కిస్తాడు? మేకలు ఎన్ని, చక్కెర బస్తాలు ఎన్ని, వాటి మీద మనుషులు ఎందరు? ఆ లెక్క తెలియకుండా పట్టీలు ఎంత మందం ఉండాలో ఎవరూ చెప్పలేరు, నేనైనా సరే.

విధేయుడు,
ఎలెమా

నార్త్ హోర్,
జనవరి 27

తమ్ముడు ఎలెమాకి,

నీ ఉత్తరం మత్తు కోసం నమిలే మిరా ఆకుల కట్టలో వచ్చింది. క్లాసులో తెరిస్తే పిల్లలంతా నా వైపు అనుమానంగా చూశారు.

మీ బావని అడిగాను, మేకలు ఎన్ని ఎక్కిస్తావని. ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు.

"మేకల్ని లెక్కపెట్టమంటాడా? లెక్కపెట్టిన మంద మిగలదని తెలియదా? దుమ్ములగొండికి చీటీ రాసి పంపమను, అదే వచ్చి లెక్క తేలుస్తుంది. నైరోబి నీళ్ళు తాగి మీవాడు మన పద్ధతులు మరిచాడు. నిండితే నిండిందంటాం. నిండకపోతే ఇంకా ఎక్కండంటాం. అంతే రాయి వాడికి."

అంతే రాస్తున్నాను. మనుషుల సంగతి అడగనే లేదు. మేకలకే ఇంత అయితే మనుషులకి ఇంకెంత అవుతుందో.

ఇక నా మాట. బండి మెత్తగా ఉండేలా చెయ్యి. ఎంత మెత్తగా వీలైతే అంత. బరువు తక్కువ మోసినా పరవాలేదు. ఎందుకని అడక్కు. మార్చి మొదటి వారంలోపు సామాను ఇక్కడికి చేరాలి. తర్వాత వానలు వస్తే చల్బి మైదానం దాటలేం.

నేను బాగానే ఉన్నాను. బాగా తింటున్నాను. రెండేళ్ళ క్రితం వచ్చిన ఆ జ్వరం మళ్ళీ రాలేదు.

అక్క,
టుమే

నైరోబి,
ఫిబ్రవరి 16

మెత్తదనాభిలాషిణి అయిన అక్కగారికి,

మెత్తగానా? తమరు నిప్పుకోడి గుడ్లు రవాణా చేసే వ్యాపారంలోకి దిగారా? లేక బావకి నడుం నొప్పి వచ్చి, చెప్పుకోవడానికి సిగ్గుపడి తమరిచేత రాయిస్తున్నాడా? అదే అయితే దాచవలదు. నడుం అందరికీ ఉంటుంది.

బావ లెక్క చెప్పనన్నాడు కాబట్టి నేను శాస్త్రాన్ని ఆశ్రయించాను. మన పిన్ని కూతురి పెళ్ళినాడు తీసిన ఫొటో నా దగ్గరుంది కదా, బావ బండి నిండా మేకలతో వచ్చి ఆగినప్పటిది. భూతద్దం పెట్టి చెవులు లెక్కపెట్టాను. రెండుతో భాగించాను. ఒక చెవి మిగిలింది. దాన్ని ఒక మేకగానే గౌరవించాను. పైన కూర్చున్న బంధువుల్ని కలిపాను. క్షేమం కోసం మరో మూడో వంతు చేర్చాను. మేకల్ని నేను లెక్కపెట్టలేదు, చెవుల్ని మాత్రమే లెక్కపెట్టానని బావకి చెప్పండి. దుమ్ములగొండికి దొరికేదేమీ లేదు.

ఫలితం ఈ లారీలో వస్తోంది. ఒక్కో వైపు పదకొండు పట్టీలు, ఒక్కోటి నా బొటనవేలంత మందం. షాకబ్జర్లు బావ మోచెయ్యంత. యజమాని చూసి "ఇదేమైనా యుద్ధానికా?" అని అడిగాడు. నార్త్ హోర్‌కి అన్నాను. ఊరు మొత్తం ఎక్కినా ఈ బండి మూలగదు.

మెత్తదనం విషయానికొస్తే, నిండుగా ఎక్కిస్తే ఇది మబ్బు మీద పోయినట్టు పోతుంది. ఖాళీగా ఉంటే మాత్రం కాస్త గట్టిగా ఉంటుంది. అయినా బావ బండి ఖాళీగా ఎప్పుడు కదిలింది గనక?

బిగించేటప్పుడు పట్టీలు తగ్గించవద్దనండి. మధ్య బోల్టు ఈ పదకొండింటికే కొలిచి కోయించాను. తగ్గిస్తే మర చాలక నట్టు బిగియదు.

సగర్వంగా,
ఎలెమా

నార్త్ హోర్,
మార్చి 9

ఎలెమా,

సామాను చేరింది. మీ బావ రెండు రోజులు బండి కిందే కాపురం పెట్టి అన్నీ బిగించాడు. బండి పొడుగ్గా నిలబడింది. ఊళ్ళో మగాళ్ళంతా వచ్చి చక్రాలు తన్ని చూసి తలలు ఊపి పోయారు. ఆయన నన్ను ఎక్కించుకుని బడి దాకా తీసుకెళ్ళాడు, చూపిద్దామని.

బడి ఎంత దూరమో నీకు తెలుసు. పరీక్ష రోజు లేచి మొహం కడుక్కోకుండా పరిగెత్తేవాడివి. ఆ కాస్త దూరంలో నా తల రెండుసార్లు పైకప్పుకి తగిలింది. ప్రతి రాయికీ బండి గుర్రంలా వెనక కాళ్ళు ఎగరేసింది. బావి దగ్గర దిగిపోయి నడిచి వచ్చాను. ఆయన వెనకాలే మెల్లగా బండి తోలుకుంటూ వచ్చాడు.

సాయంత్రానికి కొంచెం రక్తం కనబడింది. కొంచెమే. ఆగిపోయింది.

ఇప్పుడు అర్థమై ఉంటుంది. పుట్టని బిడ్డ గురించి మనం నోరెత్తం కదా, అందుకే నీకు రాయలేదు. రాస్తే ఏదో వింటుందని భయం. డిసెంబరులో మార్సబిట్‌లో యంత్రం పెట్టి చూశారు. మాయ కిందికి ఉందట, గర్భసంచి నోటికి అడ్డంగా. మామూలుగా కనడానికి లేదు, కోసి తియ్యాలి. నొప్పులు రాకముందే, మార్చి చివరికల్లా అక్కడ ఉండాలి, దారిలో కుదుపులు తగలకూడదు అన్నాడు డాక్టరు. కుదుపులు తగలకుండా నార్త్ హోర్ నుంచి మార్సబిట్‌కి ఎలా రావాలని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండేళ్ళ క్రితం జ్వరం అని రాశాను. జ్వరం కాదు. ఏడో నెల. మైకోనా దాటాక, మేకల లారీలో. ఆసుపత్రికి చేరేసరికి బతికించడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

నువ్వు బరువు అడిగితే నేను మెత్తదనం అడిగాను. ఎందుకో చెప్పి ఉంటే నువ్వు ఆ చెవులు లెక్కపెట్టేవాడివి కాదు. తప్పు నాది కూడా. తిట్టడానికి రాయడం లేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పమని రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. పిల్లలకి భాగహారం చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి, ఎంతవరకు వచ్చానో మరిచిపోతున్నాను.

టుమే

నైరోబి,
మార్చి 15

అక్కా,

ఉత్తరం వర్క్‌షాపులో చదివాను. యజమాని చేతిలోంచి స్పానరు లాక్కుని ఎక్కడో పెట్టేశాను, ఇంకా దొరకలేదు.

ఆ బండిని రాయిలా చేసింది నేనే. నువ్వు మెత్తగా కావాలన్నావు, నేను నవ్వాను. ఇప్పుడు చెప్పేది నెమ్మదిగా చదువు. బావకీ చదివి వినిపించు.

ఆ కమాన్లు బరువు కోసం కట్టినవి. బరువు మీద పడితే వంగుతాయి, వంగితేనే కుదుపు మింగుతాయి. ఖాళీ బండికి వాటిని వంచే శక్తి లేదు, అందుకని రాయి తగిలిన దెబ్బ తగిలినట్టే నీకు చేరుతుంది. కాబట్టి ఖాళీగా కదలొద్దు. వెనక తొట్టిలో ఎనిమిది వందల కిలోలు కావాలి. ఇసుక చాలు. పదహారు బస్తాలు, ఇరుసుకి సరిగ్గా పైన. బావ లెక్కపెట్టనంటే వద్దు, వేళ్ళతో చూడమను. బండి కింద ఇరుసుకీ, పైనున్న రబ్బరు దిమ్మకీ మధ్య ఇప్పుడు జానెడు ఖాళీ ఉంటుంది. అక్కడ నాలుగు వేళ్ళు మాత్రమే పట్టేదాకా బరువు వెయ్యాలి. తక్కువైతే గెంతుతుంది. ఎక్కువైతే దిమ్మ తగిలి ఇంకా ఘోరం.

పట్టీలు తీసెయ్యాలని బావకి అనిపిస్తుంది. తీస్తే ఆ బోల్టు మధ్య దారిలో వదులైపోతుంది, ఇరుసు పక్కకి జరుగుతుంది. తియ్యనివ్వొద్దు. టైర్లలో గాలి సగానికి తగ్గించండి. ముడతల రోడ్డు మీద మనిషి నడకకన్నా కాస్త ఎక్కువ వేగం, అంతే. నీ కింద పరుపులు రెండు.

మెత్తటి కట్టలు ఇంకో జత మొదలుపెట్టాను. అవి పూర్తయి మీ దగ్గరికి చేరేసరికి నెల దాటుతుంది. అవి నీకు అందవని తెలిసీ చేస్తున్నాను. ఊరికే కూర్చోలేకపోతున్నాను.

బయలుదేరేముందు ఒక్క ముక్క రాయి. చేరాక ఇంకో ముక్క.

ఎలెమా

మార్సబిట్,
మార్చి 29

ఎలెమా,

ఆసుపత్రి మంచం మీద కూర్చుని రాస్తున్నాను. చేరాను. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది.

నీ ఉత్తరం ఇరవై ఐదున అందింది. మీ బావ మూడుసార్లు చదివాడు. ఇరవై ఏడు పొద్దున ఇసుక బస్తాలు వేసి, కింద దూరి వేళ్ళు పెట్టి చూసి, బయలుదేరదీశాడు. ఎవర్నీ ఎక్కించుకోలేదు. చెయ్యెత్తిన మనిషిని దాటిపోవడం ఆయన జీవితంలో అదే మొదలు. మనుషులెక్కితే ప్రతి ఊళ్ళో ఆగాలి, నన్ను చూస్తారు, నలుగురి నోళ్ళలో పడితే బిడ్డకి మంచిది కాదని ఆయన భయం. నా భయమూ అదే.

ఇసుకతో బండి నువ్వన్నట్టే మెత్తగా పోయింది. నిన్ను మెచ్చుకుందామనుకునేలోపే చల్బిలోకి దిగాం. ముందురోజు ఎక్కడో పడ్డ వాన అక్కడికి వచ్చి చేరింది. పైన తెల్లటి ఉప్పు పొర, కింద అంతా బురద. ఆ బరువుకి చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. మీ బావ ఒక బస్తా దింపి తోలి చూశాడు, ఇంకోటి దింపి తోలి చూశాడు. చివరి బస్తా దిగాక గానీ బండి కదల్లేదు. వచ్చి సీట్లో కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేదు. "పోనీ" అన్నాను. "ఎట్లా పోనీను?" అన్నాడు.

దింపిన బస్తాలు వెనక బురదలో కూరుకుపోయాయి, మళ్ళీ నింపడానికి ఒక్క ఖాళీ సంచీ లేదు. బురద దాటాక కలాచా దాకా రాళ్ళే. బండి నడవలేదు, గెంతింది. రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకున్నాను, పట్టుకుంటే ఆగుతుందన్నట్టు. కలాచా చెట్లు కనబడేసరికి కింది పరుపు రక్తంతో తడిసింది.

నీళ్ళ కోసం ఆపాడు. అక్కడ చెట్ల కింద మార్సబిట్ బండి కోసం కాచుకుని ఒక గుంపు ఉంది. అందులోంచి మీ బావ మేనత్త దాబో అవ్వ కర్ర ఊపుకుంటూ వచ్చింది.

"ఏరా ఉమురో! నాలుగు రోజులుగా ఇక్కడ ఈగల్ని తోలుకుంటున్నాం. నువ్వేమో ఖాళీ బండి తోలుకుంటూ పోతున్నావు. మేం కనబడలేదా, కనబడనట్టు ఉన్నామా?"

"ఇవాళ కాదత్తా, తొందరలో ఉన్నా."

"తొందరట! నీ పెళ్ళినాడు కూడా ఇంత తొందర లేదు నీకు. దించు ఆ తొట్టి తలుపు."

అంటూ కిటికీలోంచి లోపలికి చూసింది. నన్ను చూసింది. నా బట్టలు చూసింది. గొంతు తగ్గించింది.

"నేనేం అడగను. ఇదొక్కటి చెప్పు, ఇట్లాంటి మనిషిని పెట్టుకుని ఖాళీగా ఎందుకు పోతున్నావురా వెధవా?"

మీ బావ చెప్పాడు. ఇసుక, బురద, నీ ఉత్తరం, నాలుగు వేళ్ళు, అన్నీ. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. అంతమంది ముందు.

"నీ బామ్మర్ది బరువు కావాలన్నాడు, నువ్వు పోయి ఇసుక తవ్వావా?" అంది అవ్వ. "మేమంతా ఏమైనట్టురా?" వెనక్కి తిరిగి కేకేసింది. "లేవండి! అందరూ ఎక్కండి. మూటలతో సహా. మోకాళ్ళు నొప్పులన్నవాళ్ళు ముందు ఎక్కండి."

బావ బండి కింద దూరాడు. పైన ఒక్కొక్కరూ ఎక్కుతున్నారు. కింద నుంచి ఆయన గొంతు. "ఇంకొకరు! ఇంకా కావాలి! ఆ లావుపాటాయన్ని ఇరుసు మీదికి జరపండి!"

"లావని ఎవర్నిరా అంటున్నావు?"

"నిన్నే మామా, జరుగు!"

వేళ్ళు సరిపోగానే "చాలు" అన్నాడు. ఎందరెక్కారో ఎవరూ లెక్కపెట్టలేదు.

మైకోనా వైపు మళ్ళీ బురద తగిలింది. ఈసారి బండి దిగబడుతుందనగానే అందరూ దిగారు. చెప్పులు చేత పట్టుకుని, తోస్తూ నడిచారు. రాళ్ళు మొదలవగానే ఎక్కారు. ఎక్కిన ప్రతిసారీ ఆయన కిందికి దూరి చూశాడు. బుబీసా దగ్గర ముడతల రోడ్డు మీద, తొట్టిలో ఒక్కరూ అటూ ఇటూ కదలకుండా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని కూర్చున్నారట. దాబో అవ్వ నా పక్కన కూర్చుని తన తొడ మీద నన్ను ఆనించుకుంది. "మెల్లగా" అనేది. వెనక నుంచి ఎవరో "మెల్లగా" అనేవాళ్ళు. ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. నాకు మాత్రం ప్రతి రాయీ రెండేళ్ళ కిందటి రాయిలాగే వినబడింది.

నిన్న సాయంత్రం చేరాం. బిడ్డ గుండె వినబడుతోందన్నారు. రేపు ఉదయం కోస్తారట. రక్తం నిల్వ ఒక్క సీసానే ఉందని నర్సు డాక్టరుతో మెల్లగా చెప్పింది. నేను విన్నానని వాళ్ళకి తెలీదు. మీ బావకీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను, ఎవరికో ఒకరికి చెప్పాలి కదా.

ఇంకా రాయాలి. దుప్పటి తడిగా ఉన్నట్టుంది. ఆగు, నర్సుని పిలుస్తు

ఇసియోలో,
ఏప్రిల్ 3

అక్కా,

నీ ఉత్తరం అక్కడ ఆగిపోయింది. కాగితం తిప్పి చూశాను. కవరు చించి లోపల చూశాను. పైన చిరునామా బావ చేతిరాత. ఆయన ఒక్క ముక్క కూడా ఎందుకు రాయలేదు?

మెత్తటి కట్టలు పట్టుకుని నిన్న బయలుదేరాను. ఇసియోలోలో లారీలన్నీ ఆపేశారు, దారిలో దొంగల భయమట, పోలీసు కాపలా వస్తేగానీ ఉత్తరానికి వదలరట. ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదు. ఈ కాగితం మిషన్ వాళ్ళ జీపుకి ఇస్తున్నాను. వాళ్ళని ఆపరు.

దారి పొడుగునా ఏదో హాస్యం రాద్దామని చూశాను. రావడం లేదు. ఆ ఫొటో జేబులో ఉంది. చెవులు లెక్కపెట్టినప్పుడు ఇంకేమీ చూడలేదు. ఇవాళ మళ్ళీ తీసి చూశాను. నువ్వు ముందు సీట్లో ఉన్నావు, కిటికీ దగ్గర. నీ మొహం బాగాలేదు. ఆ తేదీ చూశాను. అది నీ జ్వరానికి నెల తర్వాత.

ఎవరైనా సరే, ఒక్క ముక్క రాయండి. ఏదైనా సరే రాయండి.

ఎలెమా

మార్సబిట్,
ఏప్రిల్ 5

బావమరిది ఎలెమాకి,

ఉమురో స్వయంగా రాస్తున్నది. తప్పులుంటే నవ్వకు.

మీ అక్క ఉంది. బిడ్డ ఉంది. ఆడపిల్ల.

నీకు అలా పంపినందుకు కోప్పడతావు, పడు. ఆ రోజు కాగితం మీ అక్క చేతిలోంచి కింద పడింది. ఆవిణ్ణి బల్ల మీద తోసుకుంటూ పరిగెత్తారు. నైరోబి పోయే కారు గేటు దగ్గర హారన్ కొడుతోంది. బతికుందని రాద్దామంటే నాకు తెలియదు. లేదని రాసే చెయ్యి నాకు లేదు. అలాగే మడిచి ఇచ్చేశాను.

లోపల్నించి నర్సు వచ్చి రక్తం చాలదు, చుట్టాలెవరంది. నేనొక్కణ్ణే అన్నాను. నా వెనక నుంచి "మేమందరం" అన్నారు. చూస్తే బండిలో వచ్చినవాళ్ళు. సంతకి పోవలసినవాళ్ళు, కోర్టు వాయిదా ఉన్నవాళ్ళు, ఎవరూ పోలేదు. వరండాలో మూటల మీద కూర్చుని ఉన్నారు. చొక్కాలు పైకి మడిచి వరసలో నిలబడ్డారు. కొందరిది కుదిరింది, కొందరిది కుదరలేదు. ఆ లావుపాటి మామది కుదిరింది. దాబో అత్త ముసలిదని తీసుకోలేదు. ఆ నర్సుని ఆవిడ అన్న మాటలు నేను రాయలేను, నాకు కూతురుంది ఇప్పుడు.

నువ్వు ఇసుక చెప్పావు. నీది తప్పనను, నాలుగు వేళ్ళు నిజమే. కానీ ఇసుక వేసుకుని చేరి ఉంటే ఆ వరండాలో ఎవరుండేవారని రోజూ అనుకుంటున్నాను. అనుకున్నప్పుడల్లా పోయి వాళ్ళ మధ్య కూర్చుంటున్నాను. 

ఐదు రోజులు మీ అక్క కళ్ళు తెరవలేదు. డాక్టరు నాతో మాట్లాడేటప్పుడు నేల చూసేవాడు. పిల్లని ఇంకో తల్లి పాలు పట్టి చూసుకుంది. బండిలో వచ్చినవాళ్ళు వరండాలోనే వండుకుని తిన్నారు.

నిన్న పొద్దున మీ అక్క కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. నా మొహం, నా బట్టలు చూసి, "ఆసుపత్రిలో ఇలా ఎవరైనా ఉంటారా, స్నానం చేసి ఎన్నాళ్ళైంది నువ్వు?" అని తిట్టింది. గొంతు లేదు, అయినా తిట్టింది. ఆ తిట్టు వినడానికి వరండాలో ఉన్నవాళ్ళంతా తలుపు దగ్గరికి వచ్చేశారు. నర్సు పొమ్మంటే పోలేదు. "ఇంకోసారి తిట్టమనండమ్మా, వెనకున్నవాళ్ళకి వినబడలేదు" అంది దాబో అత్త.

నువ్వు వచ్చెయ్యి. ఇక్కడ అందరూ ఆడవాళ్ళ వైపే ఉన్నారు. నా వైపు మాట్లాడ్డానికి ఒక మనిషి కావాలి.

ఉమురో